ఆ రాతి ఇల్లు ఎవరిది?

ఇటలీ దేశపు మధ్యభాగాన టస్కనీ అనే ప్రాంతం ఉంది. ఫ్లోరెన్స్, సియెనా నగరాల చుట్టూ పరచుకొన్న ఆ కొండనేలల్లో, ఆలివ్ తోటల నడుమ, సైప్రస్ చెట్ల వరుసల చివర ఒంటరిగా నిలిచిన పాత రాతి ఇళ్ళు కనిపిస్తాయి. నేడు వాటిలో అనేకం బాగుచేయబడి, వారాల లెక్కన యాత్రికులకు అద్దెకు లభిస్తున్నాయి. ప్రకటనల్లో వాటి పేరు ‘విల్లా’. మన బిడ్డలు ఐరోపాలో స్థిరపడుతున్న ఈ రోజుల్లో అటువంటి ఇంట నాలుగు రోజులు గడిపే అవకాశం మన కుటుంబాలకూ కలుగవచ్చు. ఒక ఇంట అతిథిగా దిగేవారు ఆ ఇల్లు ఎవరిదో తెలుసుకోవడం మర్యాద. కనుక ఆ సంగతి ముందుగా విచారిద్దాం.

సగపాలు రైతు గూడు

విల్లా అనే మాట పూర్వం భూస్వామి పల్లెభవనానికి చెల్లేది. పొలంలోని సేద్యగాని ఇంటిని ‘కాజా కొలోనికా’ అనేవారు. ఈనాడు విల్లా పేరుతో అద్దెకు దొరికేవాటిలో చాలా ఇళ్ళు ఈ రెండో కోవకు చెందినవే.

ఆ సేద్యగాడు తన ఇంటికి యజమాని కాడు. మధ్యయుగాల నుండి ఇరవయ్యో శతాబ్దం వరకు టస్కనీలో ‘మెజ్జద్రియా’ అనే పద్ధతి కొనసాగింది. మన పల్లెల్లో సంగోరు సేద్యం ఎరిగినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. భూమి, ఇల్లు భూస్వామివి. రెక్కల కష్టం రైతు కుటుంబానిది. పంట చెరిసగం. అన్నదమ్ములు, కోడళ్ళు, పిల్లలు అందరూ ఒకే కప్పు క్రింద ఉండి ఆ ఒడంబడికకు కట్టుబడేవారు. ఇంటి పెద్దను ‘కపోచ్చా’ అని, వంట, కోళ్ళ పెంపకం, ఇంటి నిర్వహణ చూసుకొనే పెద్దావిడను ‘మస్సాయా’ అని పిలిచేవారు. పండుగలకు భూస్వామికి కోళ్ళు, గుడ్లు సమర్పించుకోవాలి. ఇంట్లో వివాహం జరగాలన్నా ఆయన సమ్మతి కోరవలసి వచ్చేది.

ఆ ఇంటి కట్టుబడి కూడా సేద్యం కోసమే. క్రింది అంతస్తులో పశువుల కొట్టం, పై అంతస్తులో మనుషుల నివాసం, వెలుపలి నుండి రాతి మెట్లు. చలికాలంలో పశువుల ఒంటి వేడి పై గదులకు కొంత వెచ్చదనమిచ్చేది. మందమైన రాతి గోడలు వేసవిలో చల్లగా ఉండేవి. ముంగిట ధాన్యం నూర్చే కళ్ళం, ప్రక్కన రొట్టెలు కాల్చే పొయ్యి. 1765 నుండి 1790 వరకు టస్కనీని పాలించిన ప్రభువు పియెత్రో లెయొపోల్దో కాలంలో వాల్ ది కియానా లోయలో, నడిమధ్యన పావురాల గూటితో కొత్త తరహా రైతు గృహాలు వెలిశాయి. ఆయన పేరిట వాటిని నేటికీ ‘లెయొపోల్దీనా’ అంటారు.

ఇళ్ళు ఖాళీ అయిన కాలం

రెండవ ప్రపంచయుద్ధం తరువాత సగపాలు రైతులు తమ వాటా పెంచమని పెద్దయెత్తున ఉద్యమించారు. 1964లో చేసిన చట్టం రైతు వాటాను 58 శాతానికి పెంచి, ఇకపై కొత్త మెజ్జద్రియా ఒప్పందాలు చేసుకోరాదని నిషేధించింది. న్యాయం జరిగింది గాని, ఆలస్యంగా జరిగింది. అప్పటికే యువకులు ప్రాతో పట్టణపు బట్టల మిల్లులకు, ఫ్లోరెన్స్ కర్మాగారాలకు తరలిపోతున్నారు. సగపాలు రైతు ఇంటికి కోడలిగా వెళ్ళేందుకు చాలామంది యువతులు ఇష్టపడలేదు. కరెంటు లేని, కుళాయి నీరు లేని ఆ కొండమీది ఇళ్ళు ఒక్కొక్కటే తాళం పడ్డాయి. కప్పులు కూలాయి, కళ్ళాల్లో ముళ్ళపొదలు మొలిచాయి.

ఆ తరువాత నగరవాసులు, విదేశీయులు వచ్చి వాటిని కొని బాగుచేయించారు. పశువుల కొట్టం కూర్చునే గది అయింది. గడ్డివాము గది ఇటుకల జాలీకి అద్దాలు అమిరాయి. పని తెలిసిన మేస్త్రీలు పాత రాతి గోడలకు సిమెంటు వాడరు, సున్నమే వాడతారు. సిమెంటు గోడలోని తేమను బయటకు పోనీయదు.

పేదవాని కొట్టం ధనికుని విడిది కావడం అన్యాయమని కొందరు బాధపడతారు. ఆ బాధలో నిజముంది. అయితే బాగుచేసేవారు రాకపోతే ఆ ఇళ్ళు రాళ్ళకుప్పలుగా మిగిలేవన్నదీ నిజమే. గోడలు నిలిచాయి సరే, వాటి చుట్టూ సేద్యం నిలిచిందా అన్నదే ఇక్కడ అడగవలసిన ప్రశ్న.

ఇటలీ ప్రభుత్వం ఈ ప్రశ్నకు ఒక జవాబు వెదికింది. 1985లో ‘అగ్రితురిజ్మో’కు దేశవ్యాప్త చట్టం చేసింది. 2006లో దాని స్థానంలో మరొక చట్టం వచ్చింది. దాని ప్రకారం ఆ పేరుతో అతిథులను ఉంచుకోదలచినవాడు రైతు అయివుండాలి. వ్యవసాయమే ప్రధాన వృత్తిగా కొనసాగాలి, ఆతిథ్యం దానికి తోడు మాత్రమే. పంట ఆదాయం చాలని రైతు, అతిథులు చెల్లించిన సొమ్ముతో ఆలివ్ చెట్లను కాపాడుకొని ఊరు విడువకుండా ఉండగలగాలన్నది చట్టం ఉద్దేశం.

అతిథి చేయగలిగినది

కనుక ఇల్లు వెదికే కుటుంబాలు ఈతకొలను ఉందా అని అడిగే ముందు, అక్కడ సేద్యం సాగుతున్నదా, ఇంటి యజమాని రైతేనా అని అడగాలి. అక్టోబరు, నవంబరు మాసాల్లో వెళితే ఆలివ్ కాయలు కోయడం, వాటిని గానుగకు చేర్చడం పిల్లలు కళ్ళారా చూడవచ్చు. టస్కనీ విందుల్లో మద్యం, పందిమాంసం సాధారణం. కాబట్టి వంటగది ఉన్న ఇంటిని ఎంచుకోవడం మనకు మేలు. ఆ రైతు తోటలోని నూనె, కూరగాయలు, ఆ ప్రాంతపు ఉప్పులేని రొట్టె కొనుక్కొని స్వయంగా వండుకోవచ్చు. దానివల్ల మన ఆహార నియమమూ నిలుస్తుంది, మన సొమ్ములో కొంత నేల దున్నేవాని చేతికే చేరుతుంది.

పిల్లలు ఆ గదుల అందాన్ని మెచ్చుకొన్నప్పుడు, మేడమీద కిక్కిరిసి నివసించిన కుటుంబం గురించి, తన కొంగులోని గుడ్లను లెక్కపెట్టి భూస్వామి వాటాను విడిగా తీసిపెట్టిన ఆ ఇల్లాలి గురించి వారికి చెప్పండి. ఆ ఇంటిని ఇన్నాళ్ళు నిలబెట్టినవారు వారే.