తలపట్టీలో ప్రయోగశాల

మానవ శరీరంలోని అవయవాలన్నింటిలోనూ మెదడు అత్యంత సంక్లిష్టమైనది. గుండె చప్పుడు చెవికి వినిపిస్తుంది. నాడి వేలికి తెలుస్తుంది. మెదడు మాత్రం నిశ్శబ్దంగా పనిచేస్తుంది. అందులోని సుమారు 8,600 కోట్ల నాడీకణాలు పరస్పరం విద్యుత్ సంకేతాలను పంపుకొంటాయి. అసంఖ్యాకమైన కణాలు ఏకకాలంలో స్పందించినప్పుడు ఆ విద్యుత్తులో అత్యల్పభాగం కపాలాన్ని దాటి తలపై చర్మం వరకు చేరుతుంది. దానిని గ్రహించి గీతలుగా నమోదుచేసే పద్ధతికే ‘ఎలక్ట్రో ఎన్‌సెఫలోగ్రఫీ’, క్లుప్తంగా ఇ.ఇ.జి. అని పేరు.

1875లో రిచర్డ్ కేటన్ అనే ఆంగ్ల వైద్యుడు కుందేళ్ల, కోతుల మెదళ్లలో విద్యుత్ ప్రవాహాలను గుర్తించాడు. 1924లో జర్మనీలోని యేనా నగరానికి చెందిన మానసిక వైద్యుడు హాన్స్ బెర్గర్ తొలిసారిగా మానవుని మెదడు తరంగాలను నమోదుచేశాడు. ఐదేళ్లపాటు పరీక్షించిన పిమ్మట 1929లో లోకానికి వెల్లడించాడు. కళ్లు మూసుకొని విశ్రాంతిగా ఉన్నవారిలో సెకనుకు సుమారు పదిమార్లు లేచిపడే తరంగాలు కనిపిస్తాయనీ, కళ్లు తెరవగానే అవి సన్నగిల్లుతాయనీ అతడు నిరూపించాడు. అవే ఆల్ఫా తరంగాలు. ఆనాటి శాస్త్రజ్ఞులు పలువురు ఈ విషయాన్ని విశ్వసించలేదు. 1934లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు ఏడ్రియన్, మాథ్యూస్ ధ్రువపరచిన తరువాతనే దానికి గుర్తింపు లభించింది.

తలపై లభించే ఈ విద్యుత్తు సాధారణంగా 10 నుండి 100 మైక్రోవోల్టులు మాత్రమే. టార్చిలైటు బ్యాటరీలోని 1.5 వోల్టులతో పోలిస్తే 15 మైక్రోవోల్టులు లక్షవ వంతు! ఇంత సూక్ష్మమైన సంకేతాన్ని పట్టుకోవడానికి ప్రయోగశాలలలో పదుల సంఖ్యలో ఎలక్ట్రోడులు అమర్చిన టోపీ, తలకు పూసే జెల్, ఖరీదైన యంత్రాలు వాడతారు. పరీక్షకు వచ్చినవారు కదలక మెదలక కూర్చోవాలి. కాబట్టి తరగతిలో పాఠం వింటున్నప్పుడు, వీధిలో నడుస్తున్నప్పుడు మెదడు ఎలా పనిచేస్తుందన్న ప్రశ్నలకు సమాధానం దొరకడం కష్టమయ్యేది.

ఈ పరిస్థితిలో మార్పు అనూహ్యంగా కంప్యూటర్ ఆటల రంగం నుండి వచ్చింది. 2009లో ఎమోటివ్ సంస్థ ‘ఎపాక్’ అనే తీగలు లేని హెడ్‌సెట్‌ను విడుదల చేసింది. ఉప్పునీటితో తడిపిన మెత్తలు గల 14 ఎలక్ట్రోడులు సెకనుకు 128 మార్లు విద్యుత్తును కొలిచి, ఆ అంకెలను కంప్యూటరుకు పంపుతాయి. న్యూరోస్కై సంస్థ నుదుటిపై ఒకే పొడి ఎలక్ట్రోడు ఆనించే పరికరాన్ని తయారుచేసింది. అప్పట్లో వీటి వెల కొన్ని వందల డాలర్లకు మించలేదు.

చౌక పరికరం చెప్పినది నమ్మదగినదేనా? ఆస్ట్రేలియాలోని మెక్వారీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒకే వ్యక్తి తలపై ఎపాక్‌నూ, ప్రయోగశాల యంత్రాన్నీ ఒకేసారి అమర్చి శబ్దాలు వినిపించారు. రెండింటిలోనూ శబ్దానికి మెదడు చూపిన ప్రధాన స్పందనలు చాలావరకు సరిపోలినట్లు 2013లో ప్రకటించారు. ఇటువంటి ప్రయోగాలలో ఒకే శబ్దాన్ని అనేక పర్యాయాలు వినిపించి సగటు తీస్తారు. కనురెప్పపాటు, దవడ కదలిక వంటివి కలిగించే అలజడి ఒక్కోసారి ఒక్కోవిధంగా ఉంటుంది కనుక సగటులో అణగిపోతుంది. మెదడు స్పందన నిలుస్తుంది. నూరు కొలతల సగటులో ఇటువంటి అలజడి సుమారు పదో వంతుకు తగ్గుతుంది.

న్యూయార్క్‌లోని ఒక ఉన్నత పాఠశాలలో 12 మంది విద్యార్థులు ఈ హెడ్‌సెట్లు ధరించి 11 తరగతులలో పాల్గొన్నారు. పాఠంపై ఆసక్తి అధికంగా ఉన్నప్పుడు విద్యార్థుల మెదడు తరంగాలు పరస్పరం ఎక్కువగా పొంతన కుదిరినట్లు 2017లో వెలువడిన ఆ పరిశోధన తెలిపింది. నాలుగు గోడల ప్రయోగశాలలో ఒంటరిగా కూర్చున్న మనిషి నుండి ఈ విషయం తెలిసేది కాదు.

అయితే వైద్యరంగంలో జాగ్రత్త అవసరం. భూటాన్‌లో మూర్ఛవ్యాధికి సంబంధించి 205 మందిపై స్మార్ట్‌ఫోన్‌తో పనిచేసే చౌక ఇ.ఇ.జి.ని పరీక్షించారు. సాధారణ యంత్రం మూర్ఛ లక్షణాలు చూపిన ప్రతి నూరుమందిలో చౌక పరికరం సుమారు నలభైమందినే గుర్తించింది. ఆ లక్షణాలు లేనివారి విషయంలో మాత్రం నూటికి తొంభై అయిదు వంతులు సరిగా చెప్పింది. అనగా అది ‘ఉన్నది’ అంటే ఎక్కువ సందర్భాలలో నిజమే కావచ్చు, అయినా ధ్రువీకరణ అవసరం. ‘లేదు’ అంటే నిశ్చింతగా ఉండరాదు. నాడీవైద్యులు అరుదుగా ఉండే ప్రాంతాలలో రోగిని పెద్దాసుపత్రికి తొందరగా పంపడానికి ఈ పరికరం తోడ్పడవచ్చు; కాని ‘లేదు’ అన్న మాటను నమ్మి చికిత్స మానుకుంటే ప్రాణానికే ముప్పు.

ఈ హెడ్‌సెట్లు మనసులోని ఆలోచనలను అక్షరాలుగా చదవలేవు. అయినా నిద్ర, ఏకాగ్రత, రోగలక్షణాల ఆనవాళ్లు ఆ తరంగాలలో ఉంటాయి. అవి ఎవరి చేతికి చేరుతున్నాయన్నది ఉపేక్షించదగిన విషయం కాదు. అందుకే చిలీ దేశం 2021లో తన రాజ్యాంగాన్ని సవరించి, మెదడు నుండి లభించే సమాచారానికి రక్షణ కల్పించింది.

ధర తగ్గినంత మాత్రాన సత్యశోధన సులభం కాదు. బెర్గర్ తన గీతలను ఐదేళ్లపాటు తానే శంకించి పరీక్షించాడు. పరికరం నేడు సామాన్య కళాశాలకు కూడా అందుబాటులోకి వస్తున్నది. ఆ ఓర్పును మాత్రం ప్రతి పరిశోధకుడూ స్వయంగా అలవరచుకోవలసిందే.