ధ్రువసముద్రమున ముందుచూపు

చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుట రాజ్యములకు పరిపాటి. మత్స్యసంపద నశించిన తరువాతనే దాని రక్షణకై సభలు గూడుట మనమెఱుగుదుము. వేట ఆరంభము కాకమునుపే దానిని నిలుపుటకు రాజ్యములు సమ్మతించుట మాత్రము అపురూపము. అట్టి కార్యమొకటి 2018 అక్టోబరు 3వ తేదీన గ్రీన్‌లాండు నందలి ఇలులిస్సాట్ పట్టణమున జరిగెను. ఉత్తర మహాసముద్ర మధ్యమున ఏ రాజ్యమునకును చెందని సుమారు 28 లక్షల చదరపు కిలోమీటర్ల జలభాగము కలదు. తగిన శాస్త్రజ్ఞానమును, నిబంధనలును ఏర్పడువరకు అచ్చట వ్యాపారార్థము చేపలు పట్టరాదని పది పక్షములు ఒడంబడిక చేసికొనెను. అమెరికా, రష్యా, కెనడా, నార్వే, గ్రీన్‌లాండు ఫారో దీవుల పక్షమున డెన్మార్కు—ఇవి తీరరాజ్యములు. చైనా, జపాను, దక్షిణ కొరియా, ఐస్‌లాండు, ఐరోపా సమాఖ్య—ఇవి తక్కినవి. 2021 జూన్ 25 నుండి ఇది అమలులోనికి వచ్చెను.

వేటయే లేనిచోట నిషేధమేల యని కొంద రడుగవచ్చును. మంచు కరగుచున్నది, వేసవిలో నావలకు త్రోవ యేర్పడుచున్నది. త్రోవ యున్నచోటికి వల రాకమానదు. ఈ భయము ఊహాజనితము కాదు. అమెరికా, రష్యాల మండలముల నడుమ బేరింగు సముద్రమున ఒక చిన్న స్వేచ్ఛాజలభాగము కలదు. 1980 తరువాతి దశాబ్దమున దూరదేశముల నావలు అచ్చట పొలాకు చేపలకై మూగెను. 1989లో పది లక్షల టన్నులకు మించి పట్టిరి; 1992 నాటికి దొరకినవి కొన్ని వేల టన్నులే. 1993లో వేట నిలిపి, 1994లో ఒడంబడిక వ్రాసికొనిరి. కాని చేపలు మరలి రాలేదు. అచ్చట వ్యాపారపు వేట నేటికిని తిరిగి మొదలుకాలేదు. సంశయమున్నచోట సంయమనమే ధర్మమను పాఠమును ఇంత వెలకు కొనవలసివచ్చెను.

అయినను ఈ కట్టడి శాశ్వతము కాదు. దీని గడువు 16 సంవత్సరములు. పిదప ఎవరును అడ్డుచెప్పనియెడల అయిదేండ్ల చొప్పున పెరుగును. ఒక్క పక్షము కాదన్నను పొడిగింపు లేదు. ముఖ్యవిషయములన్నియు ఏకాభిప్రాయముననే తేలవలయును. ఏకాభిప్రాయమున గల బలహీనతను దక్షిణ ధ్రువమునందు చూచుచున్నాము. అచ్చటి సంఘము 2016లో రాస్ సముద్రమును రక్షితక్షేత్రముగ ప్రకటించెను; కాని తూర్పు అంటార్కిటికా, వెడ్డెల్ సముద్రములకు గావించిన ప్రతిపాదనలు రష్యా, చైనాల యసమ్మతిచే ఏండ్ల తరబడి నిలిచిపోయినవి. 2022 నుండి ఉక్రెయిన్ యుద్ధము రష్యాకును పాశ్చాత్యులకును నడుమ శాస్త్రసహకారమును సన్నగిల్లజేసినది. ఒడంబడికకు ప్రాణమే ఉమ్మడి పరిశోధన. అది కుంటుపడినచో, తెలియనితనమే రేపు వేటకు సాకగును.

మఱియొక ప్రశ్న కలదు. సముద్రమధ్యము సర్వజనుల సొత్తు గదా. పదిమందియే దాని కాపరులగుట న్యాయమా? మంచునే నమ్ముకొని జీవించు ఇన్యూయిట్ జనుల జ్ఞానమును గౌరవింపవలెనని ఒడంబడిక చెప్పినది, సంతోషమే. నిజమైన ఆసక్తిగల యితర రాజ్యములను చేర్చుకొనుటకును అందు తలుపు తెఱిచియున్నది. భారతదేశము దక్షిణ ధ్రువ మత్స్యసంఘమున సభ్యురాలు. 2008 నుండి ఉత్తరమున స్వాల్‌బార్డు నందు హిమాద్రి పరిశోధనాలయమును నడుపుచున్నది. కనుక మనవారు ఆ తలుపు తట్టుట యుక్తమే. కాని భాగము పంచుకొనుటకు గాక కావలి కాయుటకే తట్టవలయును. పంచుకొనువారికి లోకమున కొఱత లేదు, కొఱత కాపరులకే.