పిల్లల కీలు వాస్తే: చీమా, కీళ్లవాతమా?

పిల్లాడి మోకాలు వాచింది. గోదావరిఖనిలో ముందు నూనె మాలిష్, తర్వాత పక్క వీధి ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది. ఆపై "అబ్బా డ్యూటీ దిగి రానీ, చూద్దాం". వాపు కీళ్లవాతం వల్లయితే రెండు రోజుల ఆలస్యానికి పెద్ద నష్టం లేదు. కీలులో చీము పట్టి ఉంటే మాత్రం కొద్ది రోజుల్లోనే ఎముకల చివర ఉండే మృదులాస్థి పాడవుతుంది. అది మళ్లీ సరిగా పెరగదు.

తేడా ముఖ్యంగా వేగంలో ఉంది. చీము సాధారణంగా ఒక్క కీలుకే పడుతుంది, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. జ్వరం వస్తుంది, పిల్లలు కాలు కింద పెట్టరు, ముట్టుకోనివ్వరు. తుంటి కీలైతే పైకి వాపు కనబడదు. డైపర్ మార్చేటప్పుడు చంటిపాప కెవ్వుమంటుంది, అంతే గుర్తు. అంత చిన్నపిల్లల్లో జ్వరం కూడా ఉండకపోవచ్చు.

కీళ్లవాతం నెమ్మది. 16 ఏళ్లలోపు మొదలై, కనీసం 6 వారాలు ఉండి, వేరే కారణం దొరక్కపోతేనే డాక్టర్లు ఆ పేరు పెడతారు. ఫజర్ వేళ కుంటిన పిల్ల జొహర్‌కల్లా ఆడుకుంటుంది. నొప్పి అనదు గానీ నమాజ్‌లో ఖాయిదాకు కూర్చోలేక కాలు చాపుతుంది. బడి ఎగ్గొట్టే వేషం అని కోప్పడే ఇళ్లూ ఉన్నాయి. అయితే నెలల తరబడి ఒకే కీలు వాచి ఉంటే టీబీ కూడా చూడాలి.

రక్తపరీక్ష ఒక్కటే తేల్చదు. ఈఎస్ఆర్, సీఆర్పీ రెండు జబ్బుల్లోనూ పెరుగుతాయి. ఆర్ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ అని సంబరపడొద్దు, కీళ్లవాతం ఉన్న పిల్లల్లో చాలామందికి అది నెగెటివే. తుంటి నొప్పిలో చీమును మామూలు తాత్కాలిక వాపు నుంచి వేరుచేయడానికి 1999లో అమెరికాలో కోచర్ బృందం నాలుగు గుర్తులు చెప్పింది: 38.5 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, కాలిపై బరువు వేయలేకపోవడం, 40 దాటిన ఈఎస్ఆర్, 12,000 దాటిన తెల్లకణాలు. నాలుగూ ఉంటే చీము అనుమానం చాలా బలం.

అసలు తేల్చేది సూదితో తీసిన కీలు నీరు. సూది పెడితే కాలు పడిపోతుందన్న భయం అక్కర్లేదు. ఆ నీటిని ల్యాబ్‌లో పెట్టి ఏ క్రిమో చూస్తారు. ముందే ఏదో యాంటీబయాటిక్ పడి ఉంటే క్రిమి దొరక్కపోవచ్చు. స్టెరాయిడ్ సూదైతే ఇంకా మోసం, జ్వరం తగ్గినట్టుంటుంది, లోపల చీము అలాగే ఉంటుంది.

జ్వరంతో కీలు వాచి కదపలేకపోతే ఆ రోజే సింగరేణి ఏరియా ఆస్పత్రికో, గోదావరిఖని ప్రభుత్వ ఆస్పత్రికో వెళ్లాలి. కీళ్లవాతం అనుమానమైతే హైదరాబాద్ నిమ్స్‌లో కీళ్లవాతానికి ప్రత్యేక విభాగం ఉంది. అదే జబ్బని తేలితే కళ్లూ చూపించాలి. కన్ను ఎర్రబడకుండా, నొప్పి లేకుండానే లోపల వాపు రావచ్చు. కంటి డాక్టర్ దగ్గరి స్లిట్ ల్యాంప్‌తో చూస్తేనే అది కనబడుతుంది.