నడిచే మనిషి చేతిలో మాట్లాడే పెట్టె

1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుఫానును కోనసీమ పెద్దలెవరూ మరువలేదు. వెయ్యిమందికి పైగా పోయారు. కొబ్బరితోటలు నేలకొరిగాయి. వేటకు పోయిన పడవలవాళ్లను “వెనక్కి రండ్రా” అని పిలుద్దామంటే ఒడ్డున ఉన్నవాళ్ల చేతిలో సాధనమేదీ? మన దేశంలో సెల్‌ఫోను వచ్చి అప్పటికి ఏడాది దాటిందంతే, అదీ పట్నాల ముచ్చట. రేడియో హెచ్చరిక చెబుతుంది గాని, మన జవాబు వినదు కదా!

వినడమూ చెప్పడమూ రెండూ చేసే చేతిపెట్టె కోసం జీవితమంతా పనిచేసిన ఇంజనీరు ఆల్ గ్రాస్. 1918లో కెనడాలో పుట్టి, అమెరికాలోని క్లీవ్‌లాండులో పెరిగాడు. తొమ్మిదేళ్లప్పుడు ఈరీ సరస్సు మీద ఓడలో పోతూ వైర్‌లెస్ గది చూశాడు. ఆ పిచ్చి మరి వదలలేదు. 1938లో, ఇరవయ్యేళ్లకే, వాకీటాకీ చేశాడు. కెనడాలో డోనాల్డ్ హింగ్స్ కూడా ఆ రోజుల్లోనే అటువంటి సెట్టు చేశాడు. ఎవరు ముందన్న తగవు మనకెందుకు?

ఇందులో కిటుకు ఏమిటంటారా? రేడియో అల ఎంత పొట్టిదైతే ఏంటెన్నా అంత పొట్టిగా సరిపోతుంది. సెకనుకు 2 కోట్ల 70 లక్షల కంపనాలున్న అలకు దాదాపు 2.8 మీటర్ల కడ్డీ కావాలి. 26 కోట్ల కంపనాల అలకు అడుగు లోపు కడ్డీ చాలును. అందుకే గ్రాస్ పొట్టి అలల వెంట పడ్డాడు. యుద్ధకాలంలో శత్రువుల మధ్య దాగిన వేగులవాడు పైన ఎగిరే విమానంతో మాట్లాడిన జోన్-ఎలినార్ సెట్టులో ఆయనకూ పాలుంది.

యుద్ధం ముగిశాక, 1948లో, మామూలు జనం వాడుకునే సెట్లకు ప్రభుత్వ ఆమోదం సంపాదించాడు. లక్షకు పైగా అమ్ముడుపోయాయి. కొన్నవాళ్లెవరనుకున్నారు? ఎక్కువమంది రైతులూ, తీరరక్షక దళంవారూను! 1949లో పేజరు కనిపెట్టాడు. దాన్ని డాక్టర్లకు చూపిస్తే, రోగులకు చిరాకు, మా గోల్ఫు ఆటకు అడ్డం అన్నారట. సెల్‌ఫోను బజారుకు వచ్చింది 1983లో. ఆయన పేటెంట్లలో చాలావాటికి 1971లోనే గడువు తీరింది. చేసినవాడికి డబ్బు దక్కలేదు, పాపం.

ఇక మన రేవు సంగతి. పొట్టి అల తిన్నగా పోతుంది, భూమి వంపు వెంట వంగదు. పడవలో నీటికి 2 మీటర్ల ఎత్తున సెట్టు పట్టుకుంటే అలాంటి మరో పడవకు మహా అయితే 11 కిలోమీటర్లు అందుతుంది. ఒడ్డున 36 మీటర్ల స్తంభం మీద ఏంటెన్నా కడితే అదే పడవకు 30 దాకా అందవచ్చును. దట్టమైన కొబ్బరితోటలో మాత్రం ఆకులూ మానులూ అలను మింగేస్తాయి, దూరం బాగా తగ్గుతుంది.

అంబాజీపేట కొబ్బరి ధర కనుక్కోవడానికి సెల్‌ఫోను చాలు. కాని తుఫానులో టవరుకు కరెంటు పోయి, దాని బ్యాటరీలూ అయిపోతే ఫోను మూగపోతుంది. వాకీటాకీకి టవరు అక్కరలేదు, సెట్టుకూ సెట్టుకూ నేరుగా మాట. అయితే లైసెన్సు సంగతి కనుక్కోకుండా కొనకండి. మీట నొక్కి చెప్పాలి, వదిలి వినాలి. ఇద్దరూ ఒక్కసారే నొక్కితే ఎవరిమాటా ఎవరికీ చేరదు. వేటకు బయలుదేరే ముందు బ్యాటరీ నింపి, ఒడ్డుతో ఒకమారు పలికించి చూసుకొని, సెట్టును ఉప్పునీరు తగలని సంచిలో పెట్టుకోండి.