వంటింటికి విద్యుత్ పొయ్యి: కొనకముందు చూడవలసినవి

కామవరపుకోట ప్రాంతపు మెట్ట గ్రామములలో పెరటిలో నీళ్లు కాచుకొనుటకు కట్టెల పొయ్యి, లోపల గ్యాసు పొయ్యి ఉండుట సాధారణము. వీనికి తోడుగా విద్యుత్ పొయ్యి కొనదలచు రైతు సోదరులు పొయ్యి వెల ఒక్కటే చూచి కొనరాదు. తరువాత గిన్నెలకు, వైరింగునకు పొయ్యి వెలకంటె ఎక్కువ వెచ్చింపవలసి రావచ్చును. కావున ముందుగా గిన్నెలు, తీగలు, మీటరు ఈ మూడింటిని పరీక్షించుకొనవలెను.

రకములు

కాయిల్ పొయ్యి: తీగచుట్ట ఎర్రబడి వేడినిచ్చును. వెల తక్కువ, ఏ లోహపు గిన్నెయైనను పనికివచ్చును. కాని వేడి ప్రక్కలకు పోవును. తీగచుట్ట బయటకు కనబడు రకముపై పాలు పొంగినను, గరిటె తగిలినను షాకు కొట్టు ప్రమాదము కలదు.

ఇన్‌ఫ్రారెడ్ పొయ్యి: తీగ గాజుపలక క్రింద ఉండును. అడుగు చదునుగానున్న ఏ లోహపు గిన్నెనైనను వాడవచ్చును. ఆపిన తరువాత కూడ పలక చాలసేపు కాలుచుండును.

ఇండక్షన్ పొయ్యి: పలక క్రింది రాగి చుట్ట అయస్కాంత క్షేత్రమును కల్పించి, గిన్నె అడుగునే వేడెక్కించును. అందుచే వృథా తక్కువ. గిన్నె తీసినచో వేడి పుట్టుట ఆగును. గుండెకు పేస్‌మేకరు అమర్చుకొన్నవారు వైద్యుని అడిగి వాడవలెను.

గిన్నెల పరీక్ష

ఇండక్షన్ పొయ్యికి అయస్కాంతము అంటుకొను గిన్నెలే కావలెను. సిల్వరు గిన్నెలని పిలుచు అల్యూమినియము గిన్నెలు, ఇత్తడి, రాగి, మట్టి పాత్రలు దీనిపై వేడెక్కవు. స్టీలు గిన్నెలలో కూడ కొన్నింటికి అయస్కాంతము అంటదు. ఒక చిన్న అయస్కాంతముతో ఇంటిలోని గిన్నెల అడుగులను తాకి చూడుడు. గుండ్రని అడుగుగల మూకుడు పనికిరాదు. చదునైన ఇనుప పెనము బాగుగా పనిచేయును.

తీగలు, ప్లగ్గు

2000 వాట్ల పొయ్యి 230 వోల్టుల వద్ద సుమారు 9 ఆంపియర్ల కరెంటు తీసికొనును. ఫ్యాను, దీపముల కొరకు పెట్టిన 6 ఆంపియర్ల ప్లగ్గుకు దీనిని తగిలించినచో తీగ వేడెక్కి కాలిపోవచ్చును. 16 ఆంపియర్ల మూడు కన్నముల ప్లగ్గు, 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగి తీగ, మంచి ఎర్తు, ప్రత్యేకముగా ఒక ఎం.సి.బి. ఉండవలెను. ఈ పనిని అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియనుచే చేయింపుడు. మీటరుకు మంజూరైన లోడు చాలునో లేదో విద్యుత్ కార్యాలయమున అడిగి తెలిసికొనుడు. పొలపు మోటారు లైను నుండి ఇంటికి తీగ లాగుట నేరము, ప్రాణాపాయము కూడ.

సాయంకాలము వోల్టేజి పడిపోవు ఊళ్లలో పొయ్యి మధ్యలో ఆగిపోవచ్చును. ఎంత వోల్టేజి వరకు పనిచేయునో పెట్టెపై చదివి కొనుడు. ఐ.ఎస్.ఐ. గుర్తును కూడ చూడుడు.

ఖర్చు లెక్క

2000 వాట్ల పొయ్యి పూర్తి వేడిపై అరగంట నడచినచో ఒక యూనిట్ అగును. రెండు లీటర్ల నీరు మరగించుటకు ఇండక్షన్ పొయ్యిపై యూనిట్‌లో సుమారు ఐదవ వంతు చాలును. 14.2 కిలోల గ్యాసు సిలిండరుతో జరుగు వంటకు సుమారు 140 యూనిట్లు పట్టును.

ఇచట ఒక మెలకువ కలదు. వాడకము పెరిగిన కొలది పై యూనిట్ల ధర హెచ్చును. కావున బిల్లులోని మొదటి యూనిట్ల ధరతో గాక, చివరి యూనిట్ల ధరతో 140ని గుణించి, సిలిండరు వెలతో పోల్చి చూడుడు. పాలు, టీ, అన్నము వరకే వాడినచో తక్కువ ధరలోనే నిలుచు ఇల్లు, వంట అంతయు దీనిపైకి మార్చినచో హెచ్చు ధరలోనికి పోవచ్చును.

గిన్నెలు సరిపడి, తీగలు బాగుగానున్నచో ఇండక్షన్ పొయ్యి మేలు. గిన్నెలన్నియు మార్చుట భారమైనచో ఇన్‌ఫ్రారెడ్ పొయ్యి తీసికొనవచ్చును. వైరింగు పాతదైనచో ముందు దానిని బాగుచేయించి, పిదప పొయ్యి కొనుడు. గాలివాన రోజులలో కరెంటు పోవును గనుక గ్యాసు పొయ్యిని మాత్రము తీసివేయకుడు.