మాల్టా యాత్ర: టికెట్టుకు ముందున్న లెక్క

బాటసింగారం నుండి శంషాబాద్ విమానాశ్రయానికి ఔటర్ రింగు రోడ్డు మీదుగా చేరడం సులభమే. అక్కడి నుండి మధ్యధరా సముద్రంలోని మాల్టా ద్వీపానికి నేరుగా విమానం లేదు, దారిలో మారాలి. నాలుగు రోజుల చౌక యాత్ర అనగానే మనం చూసేది టికెట్టు ధరనే. మేము దానికి ముందున్న ఖర్చును లెక్కించాము.

2024 జూన్ నుండి షెంగెన్ వీసా రుసుము పెద్దలకు 90 యూరోలు, ఆరు నుండి పన్నెండేళ్ళలోపు పిల్లలకు 45. దంపతులకు, అటువంటి పిల్లలిద్దరికి కలిపి 270 యూరోలు. వీసా నిరాకరించినా ఆ సొమ్ము తిరిగి రాదు. ఒక్కొక్కరికి కనీసం 30,000 యూరోల వైద్య బీమా కూడా తప్పనిసరి.

అరబ్బుల ఏలుబడిని చూసిన ఆ ద్వీపంలో నేటికీ అరబ్బీ నుండి పుట్టిన భాషే మాట్లాడుతారు. తప్పక చూడదగినదే, వడ్డీకి అప్పు తెచ్చి మాత్రం కాదు. రుసుము పోయినా పిల్లల ఫీజుకు, ఇంటి సరుకులకు లోటు రాదన్న నమ్మకం కుదిరాకనే దరఖాస్తు చేద్దాము.