పవర్ రంపానికి అన్‌డూ బటన్ లేదు!

వర్క్ ఫ్రమ్ హోమ్ టేబుల్ నేనే చేసుకుందామని ఒక సర్క్యులర్ సా కొన్నా. రెండో రోజే ప్లైవుడ్ కోస్తుంటే బ్లేడ్ బిగుసుకుని, మెషీన్ ఒక్కసారిగా నా వైపు ఎగిరింది. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. జీన్స్ చిరిగింది, కాలు దక్కింది.

తప్పు నాదే. షీట్‌ని రెండు కుర్చీల మీద పెట్టి మధ్యలో కోశా. కోత పడేకొద్దీ షీట్ కిందికి వంగి, రెండు అంచులూ బ్లేడ్‌ని పట్టేశాయి.

అమెరికాలో స్టీవ్ గాస్ 1999లో టేబుల్ సా కోసం ‘సాస్టాప్’ టెక్నాలజీ కనిపెట్టాడు. వేలు తగిలితే బ్లేడ్‌లోని విద్యుత్ సిగ్నల్ మారుతుంది, దాదాపు మన టచ్‌స్క్రీన్ లాజిక్కే. సుమారు 5 మిల్లీసెకన్లలో బ్లేడ్ ఆగిపోతుంది. నా మెషీన్‌లో అదేం లేదు. సెన్సర్ నేనే!

అందుకే ఇప్పుడు నా రూల్స్ ఇవి:

• షీట్ కింద పొడవునా చెక్క రీపర్లు.
• బ్లేడ్ షీట్ మందం కంటే 3-5 మి.మీ. మాత్రమే కిందికి.
• బ్లేడ్‌కి సూటిగా వెనక నిలబడను, పక్కకు ఉంటా.
• గార్డ్ తీయను, బ్లేడ్ మార్చే ముందు ప్లగ్ పీకేస్తా.
• కళ్లద్దాలు మస్ట్. గ్లోవ్స్ మాత్రం వద్దు, బ్లేడ్‌కి చిక్కితే చేతినే లాగేస్తాయి.

ఇంకోటి, కోసేటప్పుడు ఫోన్ పక్క గదిలోనే. ఏ నోటిఫికేషనూ వేలి కంటే అర్జెంట్ కాదు.